జకాత్ లెక్క ఎలా వేయాలి, ఎవరి చేతిలో పెట్టాలి

రంజాన్ రాగానే బ్యాంకు నుంచి కొత్త నోట్ల కట్ట తెచ్చి, మసీదు మెట్ల దగ్గర చేయి చాపినవాళ్లందరికీ తలా ఒకటి ఇచ్చేసి, జకాత్ తీరిపోయిందనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ ఇవ్వడం మంచిదే, దాని పుణ్యం దానికి ఉంటుంది. కానీ అది సదఖా, అంటే ఇష్టంతో చేసే దానం. జకాత్ అంటే ఆస్తి ఉన్న ముస్లిం ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన వాటా. అది తోచినంత ఇచ్చేది కాదు, లెక్క కట్టి ఇచ్చేది. దానికి ఒక హద్దు ఉంది, తేదీ ఉంది, శాతం ఉంది. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో నియమం ఉంది. అడిగేవాళ్లకూ, అడగలేక ఉండిపోయేవాళ్లకూ మన సంపదలో నిర్ణీతమైన హక్కు ఉందని ఖుర్ఆన్ మఆరిజ్ సూరా 24, 25 ఆయతుల్లో చెబుతుంది. హక్కు అన్నాక అది మనం దయతలచి పెట్టేది కాదు. మన బీరువాలో ఉన్నా, ఏడాది నిండిన రోజున అందులో నలభయ్యో వంతు ఇంకొకరిది. దాన్ని పైసలతో సహా లెక్కగట్టి వాళ్లకు చేర్చాలి.

తెలుగునాట ముస్లింలలో ఎక్కువమంది హనఫీ పద్ధతి పాటిస్తారు కాబట్టి ఇక్కడి లెక్క ఆ పద్ధతిలోనే చెబుతున్నాను. మిగతా మజ్‌హబ్‌లతో, అంటే షాఫయీ, మాలికీ, హంబలీ ధర్మశాస్త్ర పద్ధతులతో, తేడా వచ్చే ముఖ్యమైన చోట్ల అది కూడా చెబుతాను.

మొదట, మీ మీద జకాత్ ఉందా?

ముస్లిం అయి, యుక్తవయసు వచ్చి, మతిస్థిమితం ఉండి, నిసాబ్ అంత ఆస్తి సొంతంగా ఉన్నవాళ్ల మీద జకాత్ ఫర్జ్, అంటే తప్పనిసరి. నిసాబ్ అంటే హద్దు. బంగారానికి 87.48 గ్రాములు, వెండికి 612.36 గ్రాములు. కొందరు పండితులు 85 గ్రాములు, 595 గ్రాములు అని లెక్క కడతారు. మన దేశంలో ఎక్కువగా నడిచేది మొదటి లెక్కే.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. జుమా బయాన్‌లో (శుక్రవారం ప్రసంగంలో) ఇమాం సాబ్ "బంగారం ఏడున్నర తులాలు, వెండి యాభై రెండున్నర తులాలు" అంటారు. ఆయన చెప్పేది పాత తులం, అంటే 11.664 గ్రాములు. మన ఊళ్లో నగల దుకాణంలో తులం అంటే 10 గ్రాములు. పాత లెక్కలో ఏడున్నర తులాల బంగారం అంటే ఇప్పటి దుకాణం లెక్కలో సుమారు ఎనిమిదీ ముప్పావు తులాలు. వెండి అయితే అరవై ఒక తులాల పైచిలుకు. అందుకే తులాలు వదిలేసి గ్రాముల్లోనే లెక్క వేయండి, గొడవ ఉండదు.

బంగారం హద్దు చూడాలా, వెండి హద్దు చూడాలా? నగదు, వెండి, వ్యాపార సరుకు ఏదీ లేకుండా కేవలం బంగారమే ఉంటే బంగారం హద్దు. బంగారంతో పాటు కొంత నగదో వెండో కూడా ఉంటే, అన్నిటి విలువా కలిపి వెండి హద్దుతో పోల్చాలన్నది హనఫీ పద్ధతి. ఈ రోజుల్లో చేతిలో డబ్బు లేనివాళ్లు ఉండరు కాబట్టి దాదాపు అందరికీ వెండి హద్దే వర్తిస్తుంది. ఐదు తులాల బంగారం, బ్యాంకులో కాస్త డబ్బు ఉన్న గృహిణి కూడా దీని కిందికి వస్తుంది. అలాంటివారికి ఇది బరువవుతుందని బంగారం హద్దునే తీసుకోమనే పండితులు కూడా ఉన్నారు. నా మట్టుకు వెండి హద్దే సరైనదనిపిస్తుంది. దానివల్ల ఇచ్చేవాళ్లు పెరుగుతారు, అందుకునేవాళ్లకు మరింత అందుతుంది. ఇంటి పరిస్థితి నిజంగా బొటాబొటీగా ఉంటే మాత్రం మీ ముఫ్తీ సాబ్‌కు (ధర్మసందేహాలు తీర్చే పండితుడికి) ఉన్నదున్నట్టు చెప్పి అడగండి. అడగడం తప్పు కాదు.

ఇంకో మాట. జకాత్ మనిషి మీద, కుటుంబం మీద కాదు. భర్త లెక్క భర్తది, భార్య లెక్క భార్యది. పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం ఆమెదైతే దాని జకాత్ బాధ్యత కూడా ఆమెదే. ఆమె ఒప్పుకుంటే భర్త కట్టవచ్చు, కానీ ఆమెకు చెప్పకుండా కట్టేస్తే చాలదు. చిన్నపిల్లల పేర నిజంగా వాళ్లకే ఇచ్చేసిన ఆస్తి ఉంటే హనఫీ పద్ధతిలో దాని మీద జకాత్ లేదు. మిగతా మూడు మజ్‌హబ్‌లలో పెద్దవాళ్లు ఆ పిల్లల తరఫున కట్టాలి. జకాత్ తప్పించుకోవడానికి బంగారాన్ని పిల్లల పేర చెప్పుకోవడం మాత్రం ఏ మజ్‌హబ్‌లోనూ కుదరదు.

తేదీ ఖాయం చేసుకోండి

మీ ఆస్తి మొదటిసారి నిసాబ్ దాటిన రోజు ఏదో, చాంద్రమానంలో ఆ తేదీ మీ జకాత్ తేదీ. ఉదాహరణకు రజబ్ నెల 12. మరుసటి ఏడాది రజబ్ 12న కూడా నిసాబ్ ఉంటే జకాత్ ఫర్జ్ అయినట్టే. మధ్యలో ఆస్తి తగ్గి మళ్లీ పెరిగినా ఫరవాలేదు. మొత్తం సున్నాకు వచ్చేస్తేనే లెక్క మళ్లీ మొదటి నుంచి.

ఆ తేదీ గుర్తులేనివాళ్లు చాలామంది. అలాంటప్పుడు పెళ్లి ఎప్పుడైంది, మొదటి జీతం ఎప్పుడొచ్చింది అని ఆలోచించి, నమ్మకం కుదిరిన ఒక తేదీ పెట్టుకోండి. రంజాన్ 1 పెట్టుకునేవాళ్లు ఎక్కువ. పుణ్యం ఎక్కువని అలా చేస్తారు, తప్పు లేదు. కానీ అసలు తేదీ రంజాన్‌కు ముందే ఉందని తెలిస్తే రంజాన్ దాకా ఆపకూడదు. ఇంగ్లిషు క్యాలెండరు ప్రకారమే లెక్క చూసే వ్యాపారస్తులు మార్చి 31నో మరో రోజునో పెట్టుకుంటే, ఏడాదికి సుమారు 11 రోజులు ఎక్కువవుతాయి కాబట్టి 2.5 శాతానికి బదులు 2.577 శాతం కట్టాలి.

ఆ రోజు మీ దగ్గర ఉన్నదంతా లెక్కలోకి వస్తుంది. రెండు రోజుల క్రితం పడిన జీతం కూడా. "దాని మీద ఏడాది గడవలేదు కదా" అని చాలామంది అడుగుతారు. హనఫీ పద్ధతిలో ఒక్కో రూపాయికీ ఏడాది చూడరు, నిసాబ్‌కు చూస్తారు. దీనివల్ల లెక్క తేలికవుతుంది కూడా. ఆ రోజు పాసుబుక్కులో ఎంత ఉందో అంతే.

ఏవి లెక్కలోకి వస్తాయి

నాలుగు రకాలు. బంగారం వెండి, నగదు, వ్యాపార సరుకు, మీకు రావాల్సిన బాకీలు. మీరుండే ఇల్లు, తిరిగే బండి, ఫ్రిజ్, బట్టలు, దుకాణంలోని ర్యాకులు, ఫ్యాక్టరీలో యంత్రాలు, అద్దెకు తిప్పే ఆటో, వీటి విలువ మీద జకాత్ లేదు. అద్దెకిచ్చిన ఇల్లు ఎన్ని లక్షలదైనా దాని విలువ లెక్కలోకి రాదు. వచ్చిన అద్దెలో ఆ తేదీకి మిగిలి ఉన్నదే వస్తుంది.

బంగారం దగ్గర కొంచెం ఆగాలి. ఒంటి మీద వేసుకునే నగలకు జకాత్ ఉందా? హనఫీ పద్ధతిలో ఉంది. షాఫయీ, మాలికీ, హంబలీ పద్ధతుల్లో స్త్రీలు మామూలుగా ధరించే నగలకు లేదంటారు. ఒక తల్లి తన కూతురి చేతికి రెండు లావుపాటి బంగారు కడియాలు వేసి వస్తే, వీటి జకాత్ ఇస్తున్నావా అని ప్రవక్త (స) అడిగిన హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. హనఫీ పండితులు దాన్నే ఆధారంగా చూపుతారు.

నగలన్నీ ఒకసారి బీరువాలోంచి తీసి, తెలిసిన దుకాణానికి తీసుకెళ్లి తూకం వేయించండి. ఏటా వెళ్లక్కర్లేదు, ఒక్కసారి కాగితం మీద రాయించుకుంటే కొత్తగా కొన్నప్పుడు కలుపుకుంటూ పోవచ్చు. తూకం దగ్గర జాగ్రత్త అవసరం. మన పెళ్లిళ్లలో పెట్టే కాలీ పోత్ లచ్ఛానే (నల్లపూసల హారాన్నే) తీసుకోండి. త్రాసు మీద పెడితే నల్లపూసలతో, ముత్యాలతో కలిపి బరువు చూపిస్తుంది. అందులో జకాత్ ఉన్నది బంగారానికే. రాళ్లకు, పూసలకు, ముత్యాలకు అమ్మకం సరుకైతే తప్ప జకాత్ లేదు. రాళ్లు పొదిగిన పాత జడావీ నగల్లో లోపల లక్క నింపి ఉంటుంది, దాని బరువూ తీసేయాలి. కొన్నప్పటి బిల్లు ఉంటే నికర బరువు దాని మీదే విడిగా ఉంటుంది. బిల్లు లేకపోతే అనుభవమున్న కంసాలి అటూ ఇటుగా చెప్పగలడు. సందేహం వస్తే కాస్త ఎక్కువే రాసుకోండి, పేదవాడి వాటా తగ్గకూడదు.

ధర ఏది? మీరు కొన్న నాటి ధర కాదు, జకాత్ తేదీ నాటి ధర. 22 క్యారెట్లదైతే 22 క్యారెట్ల ధరే, 24 ధర కట్టక్కర్లేదు. తరుగు, మజూరీ, పన్ను కలపనక్కర్లేదు. డబ్బు చేతిలో లేకపోతే అదే బంగారంలోంచి నలభయ్యో వంతు బంగారంగా ఇచ్చినా చెల్లుతుంది.

నగదు అంటే గల్లాలో, బీరువాలో, బ్యాంకులో ఉన్నదంతా. హజ్ కోసం, అమ్మాయి పెళ్లి కోసం, ఇల్లు కట్టడం కోసం దాచినది కూడా. దాచిన ఉద్దేశం ఎంత మంచిదైనా, ఖర్చు కాకుండా మీ దగ్గర ఉంది కాబట్టి లెక్కలోకి వస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో అసలు మీద జకాత్ ఉంది. పడిన వడ్డీ మీది కాదు. దాన్ని పుణ్యం ఆశించకుండా పూర్తిగా పేదలకు ఇచ్చి వదిలించుకోవాలి, జకాత్ కింద రాసుకోకూడదు. ఉద్యోగుల పీఎఫ్‌లో తప్పనిసరిగా కోత పడేది చేతికి వచ్చేదాకా జకాత్ లేదన్నది మన దేశపు హనఫీ ముఫ్తీలలో ఎక్కువమంది మాట. మీ ఇష్టంతో అదనంగా వేసుకునేది మాత్రం లెక్కలోకి వస్తుంది. షేర్లు కొని అమ్మే వ్యాపారం చేస్తుంటే ఆ రోజు మార్కెట్ విలువ మొత్తం మీద జకాత్ ఉంది.

గల్ఫ్‌లో పనిచేసే కరీంనగర్, నిజామాబాద్, కడప తమ్ముళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. అక్కడి ఖాతాలో రియాళ్లు, ఇక్కడి ఖాతాలో రూపాయలు, రెండూ మీవే. జకాత్ రోజు మారకం ధరతో కలిపేయండి. ఇంటి ఖర్చుకు పంపింది భార్యకు పూర్తిగా ఇచ్చేసిన డబ్బైతే అది ఆమెది, ఆమె లెక్కలో వస్తుంది. "దాచి ఉంచు, వచ్చాక స్థలం కొందాం" అని పంపినదైతే అది ఇంకా మీదే.

స్థలాల విషయంలో కొన్ననాటి ఉద్దేశమే ముఖ్యం. ఇల్లు కట్టుకుందామని కొన్న ప్లాటుకు జకాత్ లేదు. ధర పెరిగాక అమ్ముదామని కొన్నది సరుకుతో సమానం. ఏటేటా ఆ నాటి మార్కెట్ విలువ మీద కట్టాలి, రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ మీద కాదు. ఏ ఉద్దేశమూ లేకుండా "ఉంటుందిలే" అని కొన్నదానికి లేదు. రియల్ ఎస్టేట్ ఇంత పెరిగిన మన రాష్ట్రాల్లో చాలా జకాత్ ఈ ప్లాట్ల దగ్గరే ఎగిరిపోతోందని నా బాధ.

దుకాణంలో సరుకు విలువను కొన్న ధరకు కాక, ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందో ఆ ధరకు కట్టాలి. అమ్ముడుపోని పాత సరుకుంటే దానికి ఏ ధర వస్తుందో ఆ ధరే వేయండి. మీకు రావాల్సిన బాకీల్లో వస్తాయనే నమ్మకమున్నవి కలపండి. ఎగ్గొట్టినట్టే అనిపించినవి వదిలేయండి, ఎప్పుడైనా వస్తే అప్పుడు చూసుకోవచ్చు. చిట్టీ ఇంకా ఎత్తకపోతే ఇప్పటిదాకా కట్టిన వాయిదాలు మీకు రావాల్సిన బాకీ. ఎత్తేసి ఉంటే ఇక కట్టాల్సిన వాయిదాలు మీ అప్పు. వేలంపాట చిట్టీ ధర్మబద్ధమా కాదా అన్నది వేరే చర్చ, అదీ ముఫ్తీని అడగాల్సిందే.

ఏవి తీసేయాలి

మీరు ఇవ్వాల్సిన అప్పులు, సరుకు తెచ్చిన చోటి బాకీ, ఆ తేదీకి బాకీ పడిన అద్దె, పనివాళ్ల జీతం, కరెంటు బిల్లు తీసేయండి. ఇరవై ఏళ్ల ఇంటి లోనును మొత్తంగా తీసేస్తే లక్షాధికారి కూడా పేదవాడిగా తేలతాడు. అందుకే రాబోయే పన్నెండు నెలల్లో కట్టాల్సిన అసలు మాత్రమే తీయమని ఎందరో పండితులు చెబుతున్నారు, అదే న్యాయం. పెళ్లిలో మాటిచ్చి ఇంకా భార్యకు ఇవ్వాల్సిన మహర్‌ను త్వరలో ఇచ్చే ఉద్దేశం లేకపోతే తీసేయడానికి వీల్లేదు. వచ్చే నెల ఖర్చులు అప్పు కాదు, వాటినీ తీయకూడదు.

ఒక ఇంటి లెక్క

బట్టల కొట్టు నడిపే ఒకాయన, ఆయన భార్య అనుకుందాం. ధరలు లెక్క తేలిగ్గా ఉండటానికి వేసినవే. 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000, వెండి గ్రాము 150. అప్పుడు వెండి నిసాబ్ విలువ 91,854 రూపాయలు. మీరు లెక్క వేసే రోజున అసలు ధరలు చూసుకోండి.

ఆయన లెక్క:

గల్లాలో నగదు: 40,000
బ్యాంకులో: 2,60,000
కొట్టులో సరుకు, అమ్మకపు ధరకు: 9,00,000
వస్తాయని నమ్మకమున్న ఖాతా బాకీలు: 1,20,000
ఎత్తని చిట్టీకి కట్టింది, నెలకు 10,000 చొప్పున పన్నెండు వాయిదాలు: 1,20,000
అమ్మడానికి కొన్న ప్లాటు నేటి విలువ: 15,00,000
మొత్తం: 29,40,000

తీసేసేవి:

సూరత్ వ్యాపారికి ఇవ్వాల్సింది: 3,50,000
ఇంటి లోనులో రాబోయే ఏడాది అసలు: 1,80,000
పనివాళ్లకు, అద్దెకు బాకీ: 25,000
మొత్తం: 5,55,000

మిగిలింది 23,85,000. నలభైతో భాగిస్తే 59,625 రూపాయలు. అదే ఆయన జకాత్.

ఆమె దగ్గర రాళ్లూ పూసలూ తీసేయగా 120 గ్రాముల బంగారం, అంటే 12,00,000. చేతిలో 20,000. మొత్తం 12,20,000, జకాత్ 30,500. ఆమెకు సొంత ఆదాయం లేదు. ఆమె అడిగితే, ఒప్పుకుంటే భర్త కట్టవచ్చు. లేదా ఆమె మూడు గ్రాముల పైచిలుకు బంగారం ఇవ్వవచ్చు. లేదా ఏడాది పొడవునా నెలకు రెండున్నర వేల చొప్పున ముందుగానే కడుతూ వచ్చి, తేదీ నాడు తేడా సర్దుకోవచ్చు. నిసాబ్ ఉన్నవాళ్లు ఇలా ముందుగా ఇవ్వడం చెల్లుతుంది. చాలామంది ఆడవాళ్లకు ఈ నెలవారీ పద్ధతే తేలిక.

ఎవరికి ఇవ్వాలి

తౌబా సూరా 60వ ఆయతులో ఎనిమిది తరగతులు చెప్పారు. పేదలు, ఏమీ లేని నిరుపేదలు, జకాత్ వసూలు చేసే సిబ్బంది, హృదయాలు దగ్గర చేయదగినవాళ్లు, బానిసత్వం నుంచి విడుదల కావాల్సినవాళ్లు, అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు, అల్లాహ్ మార్గంలో ఉన్నవాళ్లు, దారిలో చిక్కుకుపోయిన బాటసారులు. మన ఊళ్లో ఈ రోజు మనకు ఎక్కువగా ఎదురయ్యేది పేదలు, నిరుపేదలు, అప్పులవాళ్లు.

ఇవ్వకూడనివాళ్లు: మీ అమ్మానాన్నలు, వాళ్ల పైవాళ్లు, మీ పిల్లలు, మనవళ్లు, భార్యాభర్తలు ఒకరికొకరు. వీళ్లను పోషించడం ఎలాగూ మీ బాధ్యతే. సయ్యదులకు, అంటే బనూ హాషిం వంశంవాళ్లకు జకాత్ చెల్లదు. వాళ్లలో పేదలుంటే జకాత్ కాని సొంత డబ్బుతో గౌరవంగా సాయం చేయండి. నిసాబ్ ఉన్నవాళ్లకు కూడా ఇవ్వకూడదు. విధవ అయినంత మాత్రాన, అనాథ అయినంత మాత్రాన అర్హత రాదు. ఆమె బీరువాలో ఇరవై తులాల బంగారం ఉంటే ఆమే ఇవ్వాలి. జకాత్ ముస్లిం పేదలకే చెల్లుతుందని పండితుల్లో అత్యధికుల మాట. సదఖా మాత్రం ఏ మతం వాళ్లకైనా ఇవ్వచ్చు, పక్కింట్లో ఆకలుంటే ఇవ్వాలి కూడా.

తమ్ముడు, చెల్లెలు, ఆపా, ఖాలా, ఫుప్పు, చాచా, మామూ, వాళ్ల పిల్లలు, అల్లుడు, కోడలు, వీళ్లెవరైనా పేదవాళ్లైతే ముందు వీళ్లకే ఇవ్వండి. బంధువుకు ఇచ్చినదానికి దానం పుణ్యం, బంధం నిలిపిన పుణ్యం రెండూ ఉంటాయని హదీసు. మనం ఊరికి దూరంగా ఉన్న సంస్థకు వేలల్లో పంపుతాం, సొంత చెల్లెలి ఇంట్లో కరెంటు బిల్లు కట్టలేదన్న సంగతి మాత్రం తెలియదు. తెలుసుకోండి. తర్వాత మీ వీధి, మీ ఊరు. తన సహచరుడు ముఆజ్ బిన్ జబల్‌ను యెమెన్ పంపినప్పుడు, అక్కడి ధనికుల నుంచి తీసుకుని అక్కడి పేదలకే తిరిగి ఇవ్వాలని ప్రవక్త (స) చెప్పారు.

మసీదు కట్టడానికి, శ్మశానం గోడకు, బోరు వేయడానికి, కఫన్‌కు (శవానికి చుట్టే వస్త్రానికి) జకాత్ వాడకూడదు. పేదవాడి చేతికి సొంతమై చేరాలన్నది హనఫీ షరతు. అందుకే ఇంటికి పిలిచి కూర్చోబెట్టి భోజనం పెడితే జకాత్ కాదు, అదే అన్నం పొట్లం కట్టి చేతికిస్తే అవుతుంది. పనిమనిషికి జీతానికి బదులుగా ఇచ్చినా కాదు. మీకు బాకీ ఉన్న పేదవాడితో "ఆ పదివేలు జకాత్‌లో రాసేసుకుంటాలే, ఇవ్వొద్దు" అన్నా చెల్లదు. ముందు ఆ డబ్బు అతని చేతిలో పెట్టాలి. తర్వాత అతను తన అప్పు తీర్చుకుంటే అది అతని ఇష్టం.

మదరసాల తరఫున రసీదు పుస్తకాలతో సఫీర్లు (చందాలు వసూలు చేసే ప్రతినిధులు) వస్తారు. అక్కడ హాస్టల్లో ఉండే పేద పిల్లలు ఉన్నారా, జకాత్ డబ్బు విడిగా ఉంచి వాళ్ల మీదే ఖర్చు పెడతారా అని అడగండి. ఉపాధ్యాయుల జీతాలకు, భవనాలకు అది వాడకూడదు. మొహమాటపడితే నష్టపోయేది పేదవాడు. సంస్థ ద్వారా ఇచ్చినా ఇదే ప్రశ్న. ధర్మసందేహం తేలనప్పుడు హైదరాబాద్ జామియా నిజామియా లాంటి చోట దారుల్ ఇఫ్తాను (ఫత్వాలు ఇచ్చే విభాగాన్ని) ఆశ్రయించవచ్చు.

ఎలా ఇవ్వాలి

మీ జకాత్ యాభై వేలైతే దాన్ని రెండొందల చొప్పున రెండు వందల యాభై మందికి పంచవచ్చు. ధర్మం ప్రకారం చెల్లుతుంది. కానీ ఆ రెండొందలతో సాయంత్రానికి ఎవరి బతుకు మారింది? ఇచ్చినప్పుడు అతని అవసరం తీరేలా ఇవ్వండి అని ఖలీఫా ఉమర్ (రజి) చెప్పినట్టు ఉంది. నేను అందరికీ చెప్పేది ఇదే. తక్కువమందిని ఎంచుకోండి, వాళ్లు నిలబడేలా ఇవ్వండి. ఒక్కడికే నిసాబ్ అంత ఇవ్వడం బాగుండదని హనఫీ పండితులు అంటారు. కానీ అప్పుల్లో ఉన్నవాడికీ, పిల్లాపాప ఉన్నవాడికీ ఆ అభ్యంతరం లేదు.

బజార్లో తోపుడు బండి మీద పండ్లు అమ్మే మనిషిని చూడండి. డైలీ ఫైనాన్స్‌లో పదివేలు రాయించుకుంటే ముందే కోత పోగా ఎనిమిదిన్నర వేలో తొమ్మిది వేలో చేతికి వస్తాయి. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం బండి దగ్గరికి కుర్రాడొచ్చి పుస్తకంలో గీత పెట్టుకుని వంద పట్టుకుపోతాడు. వాన పడి బేరం లేకపోయినా ఆ వంద ఆగదు. అది తీరకముందే ఇంకో అప్పు. ఖుర్ఆన్ చెప్పిన అప్పులవాళ్లు అంటే ఇతనే. మిగిలిన బాకీ ఎంతో కనుక్కుని ఆ మొత్తం అతని చేతికివ్వండి, లేదా అతని అనుమతి తీసుకుని మీరే అక్కడ కట్టి పుస్తకం మూయించండి. తర్వాత రోజుకు ఆ వంద అతని ఇంటికి వెళ్తుంది. మళ్లీ అప్పుకు వెళ్లకుండా సరుకు కొనడానికి ఇంకొంత కలిపితే ఇంకా మంచిది.

ఇదే తీరులో కుట్టు మిషను, టిఫిన్ బండి, నర్సింగ్ చదివే అమ్మాయి ఫీజు. వస్తువు కొనిస్తే అది పూర్తిగా వాళ్లదే కావాలి, మీ పేరు మీద ఉంచుకోకూడదు. ఆసుపత్రి బిల్లు, కాలేజీ ఫీజు మీరే నేరుగా కట్టాలంటే "నా తరఫున కట్టండి" అని వాళ్ల నుంచి మాట తీసుకోండి.

నియ్యత్, అంటే సంకల్పం, ముఖ్యం. ఇచ్చేటప్పుడు గానీ, డబ్బు విడిగా తీసి పెట్టేటప్పుడు గానీ "ఇది జకాత్" అన్న ఉద్దేశం మనసులో ఉండాలి. ఏదో ఇచ్చేసి ఆర్నెల్ల తర్వాత "అది జకాత్‌లో వేసుకుంటా" అంటే కుదరదు. కానీ తీసుకునేవాళ్లకు అది జకాత్ అని చెప్పాల్సిన అవసరం అస్సలు లేదు. ఖాలా చేతిలో ఈదీ (పండగ కానుక) అని పెట్టండి, తమ్ముడికి పిల్లల పుస్తకాలకని ఇవ్వండి. గౌరవంగా బతికి చితికిపోయినవాళ్లకు ఆ ఒక్క మాట చెప్పకపోవడమే సగం సాయం. ఇచ్చి దెప్పడం, మనసు నొప్పించడం చేస్తే దానం వ్యర్థమవుతుందని బఖరా సూరా 264వ ఆయతు హెచ్చరిస్తుంది. వరుసలో నిలబెట్టి, బియ్యం సంచీ పట్టుకున్నవాళ్ల ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం నాకు సహించరాని విషయం. లెక్క కోసం రసీదు చాలు, ముఖం అక్కర్లేదు.

పాత బాకీ ఉంటే

ఏళ్లతరబడి కట్టనివాళ్లు చాలామంది. తౌబా (పశ్చాత్తాపం) చేసుకున్నంత మాత్రాన ఆ బాకీ పోదు, కట్టాలి. ఒక్కో ఏడాదికీ లెక్క వేస్తూ, ముందటి ఏడాది జకాత్‌ను తీసేసి తర్వాతి ఏడాదిది కట్టుకుంటూ రావాలి. 200 గ్రాముల బంగారానికి మూడేళ్ల బాకీ అనుకోండి. మొదటి ఏడాది 5 గ్రాములు. రెండో ఏడాది 195 గ్రాముల మీద 4.875. మూడో ఏడాది 190.125 మీద సుమారు 4.753. మొత్తం 14.628 గ్రాములు. ఇచ్చే రోజు ధరతో రూపాయల్లోకి మార్చండి. నగదు ఎంతుండేదో గుర్తులేని ఏళ్లకు బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి నిజాయితీగా అంచనా వేయండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే విడతలుగా ఇవ్వండి, ఎప్పటిలోగా తీరుస్తారో మాత్రం కాగితం మీద పెట్టుకోండి.

పంట, ఫిత్రా

రైతులకు వేరే లెక్క. వాననీటితో పండిన పంటలో పదో వంతు, నీరు పెట్టి పండించినదానిలో ఇరవయ్యో వంతు, అది కూడా కోత కోసినప్పుడే, ఏడాది ఆగకుండా. దీన్ని ఉష్ర్ అంటారు. మన దేశంలో భూములకు ఉష్ర్ వర్తించే తీరు మీద పండితుల్లో చర్చ ఉంది కాబట్టి భూమి ఉన్నవాళ్లు మీ ఆలిమ్‌తో మాట్లాడి తేల్చుకోండి.

ఫిత్రా అంటే రంజాన్ ఈద్‌కు తలకింత అని ఇచ్చే దానం. అది జకాత్ కాదు, రెండూ కలపకండి. ఈద్ నాటికి నిసాబ్ ఉంటే చాలు, ఏడాది గడవక్కర్లేదు. తన తరఫున, తన చిన్నపిల్లల తరఫున, ఆ రోజు ఫజ్ర్ వేళ కాకముందే పుట్టిన పసిబిడ్డ తరఫున కూడా ఇవ్వాలి. తలకు గోధుమలైతే సుమారు పావు తక్కువ రెండు కిలోలు లేదా దాని వెల. ఖర్జూరం, కిస్‌మిస్ లెక్కలో అయితే దానికి రెట్టింపు తూకం. ఎంతో మసీదులో ప్రకటిస్తారు. ప్రకటించేది గోధుమల వెల, కనీసం అది. కలిగినవాళ్లు ఖర్జూరం లెక్కన ఇస్తే బాగుంటుంది. ఈద్ నమాజుకు వెళ్లేలోపు పేదవాడి చేతికి చేరాలి. రెండు రోజుల ముందే ఇచ్చేస్తే వాళ్లు పిల్లలకు పండగ సరుకులు తెచ్చుకోగలుగుతారు.

రాసి పెట్టుకోండి

ఒక చిన్న నోటుబుక్కులో ఈ ఏడాది తేదీ, ఆ నాటి బంగారం వెండి ధరలు, పైన చూపినట్టు లెక్క, తేలిన మొత్తం, ఎవరికి ఎంత ఎప్పుడు ఇచ్చారో రాయండి. పేర్లకు బదులు మీకు మాత్రమే తెలిసే గుర్తులు పెట్టుకుంటే వాళ్ల గుట్టు దక్కుతుంది. ఇంకా ఇవ్వాల్సింది మిగిలి ఉంటే చివర్లో స్పష్టంగా రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పండి. హనఫీ పద్ధతిలో, చనిపోయిన మనిషి జకాత్ బాకీ గురించి వసీయత్ (వీలునామా) చేసి ఉంటేనే వారసులు మూడో వంతు ఆస్తిలోంచి తప్పనిసరిగా చెల్లించాలి. వసీయత్ లేకపోతే వాళ్ల మీద బలవంతం లేదు. కాబట్టి ఆ పేజీ కింద ఒక్క వాక్యం, "నా మీద ఇంత జకాత్ బాకీ ఉంది, నా ఆస్తిలోంచి చెల్లించండి" అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. తీరిన కొద్దీ ఆ అంకె కొట్టేసి కొత్తది రాస్తూ పోండి.